పద్యాన్ని విప్పి చూడటం ఎలా?

మెహదీపట్నంలో వంతెన కింద బస్సు కోసం ఎదురుచూస్తూ ఓ వాన సాయంత్రం నేను కట్టిన ఆటవెలది ఇది. గొప్ప పద్యమేమీ కాదు. అందుకే ముక్కలు చేయడానికి మొహమాటం లేదు.

వాన కురియు వేళ వంతెన నీడలో
బస్సు రాదు కాళ్లు బరువులాయె
చాయి కప్పు చేత చల్లబడుచు నుండె
ఎవరి కొరకు వేచి యింత సేపు

ముందు రెండుసార్లు పైకి చదవండి. గొంతు ఆగిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి.

తర్వాత గురులఘువులు, అంటే పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరాలూ తక్కువ సేపు పట్టేవీ, గుర్తించండి. దీర్ఘం, సున్నా ఉన్న అక్షరం, ద్విత్వానికి లేదా సంయుక్తానికి ముందున్న అక్షరం గురువులు. ‘బస్సు’లో ‘బ’ పొట్టిదే అయినా పక్కన ద్విత్వం ఉంది కాబట్టి గురువే. చాలామంది తడబడేది ఇక్కడే.

ఇప్పుడు గణాలుగా, అంటే గురులఘువుల చిన్న గుంపులుగా, విడదీయండి. వాన, కురియు, వేళ: మూడు సూర్యగణాలు (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు). వంతెన, నీడలో: రెండు ఇంద్రగణాలు (వాటికంటే పెద్దవి, మూడు నాలుగు అక్షరాలవి). రెండో పాదంలో ఐదూ సూర్యగణాలే. 3, 4 పాదాల్లో ఇదే వరస. అలా ఆటవెలది అని తేలుతుంది.

యతి అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో మరో అక్షరంతో మైత్రి, ధ్వనిలో జోడీ. దాని కోసం నాలుగో గణం మొదటి అక్షరం చూడండి. వా–వం, బ–బ, చా–చ తేలిక. చివరి పాదంలో ‘యింత’ తికమక పెడుతుంది. ఆ యకారం యడాగమం (రెండు అచ్చుల మధ్య వచ్చి చేరిన య), తీసేస్తే ‘ఇంత’. ఎ, ఇ లకు మైత్రి ఉంది. ప్రాస (పాదాల రెండో అక్షరాలు కలవడం) వెతకకండి, ఆటవెలదికి ఆ నియమం లేదు.

ఇక భావం. ‘విరహం’ అని రాసేసి పుస్తకం మూయడం పరీక్షలు నేర్పిన అలవాటు. దానికి బదులు ఒక్కో పాదం తీసేసి చదవండి. చాయి పాదం తీస్తే మిగిలేది బస్సు ఆలస్యం మీద ఫిర్యాదు. కప్పు చల్లబడుతుంటేనే కాలం గడవడం కనిపిస్తుంది, రాని మనిషి ఉన్నట్టు తోస్తుంది.

నడకనూ గమనించండి. ‘ఎవరి కొరకు’ లఘువులతో పరుగెత్తి, ‘వేచి యింత సేపు’ దగ్గర నెమ్మదిస్తుంది. అడిగినవాడికే జవాబు మీద నమ్మకం సడలినట్టు. అయితే జాగ్రత్త. ‘బస్సు రాదు కాళ్లు’, ‘చాయి కప్పు చేత’ రెండింటి గణాలూ ఒకటే. మొదటిదాంట్లో వినిపించే అలసట రెండోదాంట్లో లేదు. గణం ఒక్కటే భావాన్ని మోయదు, మాట తోడు కావాలి.

ఎదురుచూపు మనిషి కోసమైతే విప్రలంభం (ఎడబాటు శృంగారం), బస్సు డ్రైవరు కోసమే అయితే హాస్యం. పద్యం తేల్చలేదు కాబట్టి మీరూ తేల్చకండి. ఏ మాట ఎటు లాగుతోందో అంచున రాసుకోండి.