స్టోమా చుట్టూ చర్మం మండుతోందా? ముందు ఎరుపు ఆకారం చూడండి

స్టోమా (మలం బయటికి రావడానికి పేగును పొట్ట మీదికి తెచ్చి చేసే ద్వారం) ఆపరేషన్ కొత్తగా అయినవారిలో చాలామంది ‘కొంత మంట మామూలేలే’ అని ఓర్చుకుంటారు. దయచేసి ఓర్చుకోకండి. స్టోమా ఎర్రగా, తడిగా ఉండటం సహజం. తుడిచేటప్పుడు ఒకటి రెండు రక్తపు చుక్కలు కనిపించినా భయం లేదు. దాని చుట్టూ ఉన్న చర్మం మాత్రం పొట్ట మీది మిగతా చర్మంలాగే ఉండాలి. ఎర్రబడిందంటే దానికో కారణం ఉంది. అది పట్టుకోకుండా పూతలు మారుస్తూ పోతే మలం పట్టే బ్యాగు సరిగా అంటుకోదు, కారుతుంది, పుండు ఇంకా పెరుగుతుంది.

బ్యాగు తీసిన వెంటనే పారేయకండి. చర్మానికి అంటుకునే ఫ్లాంజ్‌ను వెనక్కి తిప్పి వెలుతురులో చూడండి. జిగురు ఏ పక్కన కరిగి మెత్తబడింది? మరక రంధ్రం నుంచి ఏ వైపు పాకింది? చర్మం మీద ఎరుపు కూడా అక్కడే ఉందా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

స్టోమాను ఆనుకుని ఎర్రని వలయం, చెమ్మ, మంట

కారణం: చాలాసార్లు ఫ్లాంజ్ రంధ్రం పెద్దదై ఉంటుంది. ఆపరేషన్ తర్వాత వాపు తగ్గుతూ మొదటి 6 నుంచి 8 వారాల్లో స్టోమా చిన్నదవుతుంది. ఆసుపత్రిలో ఇచ్చిన కొలతతోనే ఇంకా కత్తిరిస్తుంటే మధ్యలో చర్మం బయటపడి మలం తగులుతుంది. ఇలియోస్టమీ (చిన్నపేగుతో చేసిన స్టోమా) ఉన్నవారికి ఇది మరీ కష్టం. పల్చటి మలంతో వచ్చే జీర్ణరసాలు కొన్ని గంటల్లోనే చర్మాన్ని ఒరిపేస్తాయి.

పరిష్కారం: ఈ వారాల్లో వారానికోసారైనా కొలవండి. రంధ్రం స్టోమా కంటే 2, 3 మిల్లీమీటర్లు మాత్రమే పెద్దగా ఉండాలి. స్టోమా కోలగా ఉంటే రంధ్రమూ కోలగానే ఉండాలి.

ఒరిసిన చర్మాన్ని గోరువెచ్చని నీళ్లతో కడిగి, రుద్దకుండా అద్ది ఆరనివ్వండి. చెమ్మ ఉన్నచోట స్టోమా పౌడర్ చల్లి, అంటని పొడిని దులిపేయండి. మిగిలిన పలుచని పొర మీద ఆల్కహాల్ లేని చర్మరక్షణ ద్రవాన్ని అద్దండి. ఆరాక ఇంకోసారి అలాగే చేయవచ్చు. పొడి ఎక్కువైతే బ్యాగే అంటుకోదు.

ఒక్క పక్కనే ఎరుపు

కూర్చుని అద్దంలో చూసుకోండి. పడుకున్నప్పుడు కనిపించని మడత కూర్చుంటే తెలుస్తుంది. మలం ఆ దారినే జారుతుంది. మడతను స్టోమా పేస్ట్‌తోనో సీలింగ్ రింగ్‌తోనో పూడ్చండి. పేస్ట్ జిగురు కాదు, సందు పూడ్చే పదార్థం, కాబట్టి కొంచెమే చాలు. ఆల్కహాల్ ఉన్న పేస్ట్ పుండు మీద భగ్గున మండుతుంది. స్టోమా చర్మానికి సమంగానో లోపలికో ఉంటే ఉబ్బెత్తు ఫ్లాంజ్ అవసరం కావచ్చు, అది స్టోమా నర్సు చూసి చెప్పాలి. కారుతున్న బ్యాగుకు పైనుంచి టేపు వేసి నెట్టుకురావద్దు. మలాన్ని చర్మం మీద మూతపెట్టి ఉంచడమే అది. వెంటనే మార్చండి.

ఫ్లాంజ్ అచ్చు గుద్దినట్టు ఎరుపు, దురద

ఆ పదార్థం పడకపోయి ఉండవచ్చు. నర్సును అడిగి వేరే కంపెనీది వాడి చూడండి. కొత్తగా మొదలుపెట్టిన సబ్బు, తుడుపు కాగితాలు ఏమైనా ఉన్నాయేమో కూడా గుర్తు చేసుకోండి.

దురదతో ఎర్రని మచ్చ, చుట్టూ చెదురుమదురు చుక్కలు

ఇది ఫంగస్ లక్షణం. డాక్టరు రాసిన యాంటీఫంగల్ పౌడర్ వాడాలి. ఆయింట్‌మెంట్ జిడ్డు మీద ఫ్లాంజ్ నిలవదు. చుక్కలు వెంట్రుకల కుదుళ్ల దగ్గరే ఉంటే అది వేరే సంగతి. గొరగడం మాని, వెంట్రుకలను ట్రిమ్మర్‌తో పొట్టిగా కత్తిరించండి.

తీసినప్పుడల్లా చర్మం లేచిపోతోంది

పీకుతున్నారన్నమాట. ఒక చేత్తో చర్మాన్ని అదిమిపట్టి, పైనుంచి కిందికి నెమ్మదిగా ఒలవండి. జిగురు కరిగించే ద్రవం ఉంటే సులువు. కొత్తది అతికించాక అరచేతిని ఒక నిమిషం దాని మీద ఆనించి ఉంచండి, వేడికి బాగా పట్టుకుంటుంది. బ్యాగు మూడో వంతు నిండగానే ఖాళీ చేస్తే బరువుకు లాగదు.

ఇంట్లో ఆగకూడని సందర్భాలు

స్టోమా ఊదాగానో నల్లగానో మారడం, అదిమిపట్టినా రక్తం ఆగకపోవడం, ఊదారంగు అంచుతో పుండు వేగంగా పెరగడం, జ్వరం, చీము, కడుపునొప్పితో మలం పూర్తిగా ఆగిపోవడం. వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. వాడిన ఫ్లాంజ్‌ను ఫోనులో ఫోటో తీసి తీసుకెళ్లండి, చూసేవారికి పనికొస్తుంది.