తుపాన్ల నెలల ముందు: సైట్ సర్టిఫికెట్ ఆటో రెన్యూవల్ జాగ్రత్తలు

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు, ఒంగోలు వైపు తుపాను పడితే కరెంటు, నెట్ ఎప్పుడొస్తాయో చెప్పలేం. సర్వర్ ఆఫీసులోనే పెట్టుకుని, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్ (సైట్ అసలైనదేనని బ్రౌజర్‌కు చూపే ఫైల్) వాడేవాళ్లు, గడువు తీరేలోపు అది దానంతటదే రెన్యూ అయ్యేలా ఇవి ఇప్పుడే చూసుకోండి.

• రెన్యూవల్ ఫెయిలైందని కమాండ్ మళ్లీ మళ్లీ కొట్టొద్దు. ఒకే డొమైన్ పేరుకు గంటలో 5 సార్లు వెరిఫికేషన్ (డొమైన్ మీదేనా అన్న పరీక్ష) ఫెయిలైతే ఆపేస్తారు. ఫోర్స్ రెన్యూవల్ (గడువు ఉన్నా బలవంతంగా కొత్తది తీసుకోవడం) ఇంకా ప్రమాదం: అవే పేర్లతో 7 రోజుల్లో 5 సర్టిఫికెట్లే ఇస్తారు. ఆరోది కావాలంటే 34 గంటల దాకా ఆగాల్సి రావచ్చు, చేతిలో పనిచేసే సర్టిఫికెట్ లేకుంటే సైట్ అప్పటిదాకా మూతే. ముందు డ్రై రన్ (నిజం సర్టిఫికెట్ తీసుకోని ట్రయల్) చేసి, లాగ్‌లో కారణం చదవండి.

• ఆటో రెన్యూవల్ మామూలుగా 30 రోజులు ఉండగానే మొదలవుతుంది కాబట్టి, 90 రోజుల సర్టిఫికెట్‌కు అంతకన్నా బాగా తక్కువ మిగిలిందంటే రెన్యూవల్ ఇప్పటికే ఫెయిలవుతోంది. గడువు మెయిల్స్ కోసం చూడొద్దు, 2025 జూన్‌లోనే ఆపేశారు.

• కరెంటు వచ్చి రౌటర్ ఆన్ అయ్యాక పబ్లిక్ ఐపీ (బయటి నెట్‌కు కనిపించే మీ అడ్రస్) మారిందేమో చూడండి. డీఎన్‌ఎస్‌లో (సైట్ పేరుకు ఐపీ ఏదో చెప్పే పట్టిక) పాత ఐపీవీ6 (కొత్త రకం ఐపీ) రికార్డు మిగిలినా వెరిఫికేషన్ ఫెయిలవ్వచ్చు. దీన్ని చాలామంది మరిచిపోతారు.

• పోర్టు 80 మూయొద్దు. హెచ్‌టీటీపీ వెరిఫికేషన్ వచ్చేది అటునుంచే.

• డిప్లాయ్ హుక్‌లో (రెన్యూవల్ అయ్యాక నడిచే కమాండ్) ఎన్‌జిన్‌ఎక్స్ (వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) రీలోడ్ పెట్టండి. లేకుంటే ఫైల్ కొత్తదైనా బ్రౌజర్‌కు పాతదే వెళ్తుంది.