గామా నైఫ్ చికిత్సకు ముందు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

మెదడులోని కణితులకు, రక్తనాళాల ముడులకు చేసే రేడియేషన్ చికిత్స ఇది. పేరులో కత్తి ఉన్నా కోత ఉండదు. కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం నుంచి వచ్చే కిరణాలు మెదడులో ఒకే చోట కలిసేలా గురిపెడతారు. గురి మిల్లీమీటరు తప్పినా పక్కనున్న మంచి కణజాలానికి దెబ్బ.

– మూర్ఛ మాత్ర ఆ రోజు ఉదయం మానకండి. పరగడుపున ఉండమన్నా గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చేమో ముందే అడగండి. ఇన్సులిన్ మోతాదు కూడా అడిగి తెలుసుకోండి.

– రక్తం పలచబడే మందులు చెప్పి తీరాలి. సొంతంగా ఆపేయడం, ముఖ్యంగా గుండెలో స్టెంట్ ఉన్నవారికి, ప్రాణాపాయం.

– పేస్‌మేకర్, పాత ఆపరేషన్‌లో లోపల పెట్టిన క్లిప్పులు, గర్భం, కిడ్నీ జబ్బు: ఎంఆర్ఐకి ముందే చెప్పాలి. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు వెంట ఉండాలి.

– తలకు ఫ్రేమ్ బిగించే పద్ధతిలో నాలుగు స్క్రూలు వేస్తారు, ముందు ఆ చోటు మొద్దుబారేలా మత్తు సూది ఇచ్చి. పాత ఆపరేషన్‌లో ఎముక తీసిన చోటు, షంట్ (మెదడులోని అదనపు నీటిని బయటికి పంపే గొట్టం) ఉన్న వైపు వేలితో చూపించండి. అక్కడ స్క్రూ పడకూడదు. స్కాన్ తర్వాత ఫ్రేమ్ దేనికైనా తగిలినా, వదులైనట్టు అనిపించినా వెంటనే చెప్పండి. కొలతలన్నీ ఆ ఫ్రేమ్ నుంచే తీస్తారు, అది కదిలితే గురీ తప్పుతుంది. మొహమాటపడి ఊరుకోవడమే అసలు ప్రమాదం.

– కణితి చూపు నరానికి ఎంత దగ్గరో అడగండి. ఆ నరం తట్టుకునే మోతాదు తక్కువ.

– ఫలితం నిదానం. ఏవీఎం రక్తనాళాల ముడి మూసుకోవడానికి 2–3 ఏళ్లు పట్టొచ్చు, అప్పటిదాకా రక్తస్రావం భయం పోదు. మెదడులో వాపు నెలల తర్వాత కూడా రావచ్చు. కొత్తగా తలనొప్పి, ఫిట్స్, కాలూ చేయీ బలహీనపడటం కనిపిస్తే అపాయింట్‌మెంటు దాకా ఆగకండి.