ఆశ్రయం కోరే హైతీయులకు తోడుగా అమెరికా ఇమిగ్రేషన్ కోర్టుకు వెళ్లే ముందు జాగ్రత్తలు

• విచారణ తేదీని, స్థలాన్ని ముందురోజే మరోసారి సరిచూడండి. హాజరు కాకపోతే వారు లేకుండానే బహిష్కరణ ఉత్తర్వు వెలువడవచ్చు.

• హైతియన్ క్రియోల్ దుబాసీ కావాలని ముందుగానే కోరండి. ఫ్రెంచ్ సరిపోతుందని ఎవరన్నా అంగీకరించవద్దు: హైతీలో దాదాపు అందరూ మాట్లాడేది క్రియోల్, ప్రాణభయాన్ని అరకొరగా వచ్చిన భాషలో చెప్పించడం అన్యాయం.

• ఇల్లు మారి ఉంటే 5 రోజుల్లోగా కోర్టుకు తెలియజేయాలి.

• ప్రభుత్వం తన ఖర్చుతో న్యాయవాదిని నియమించదు. అయినా న్యాయ సలహా మీరు ఇవ్వకండి.

• 2021 సెప్టెంబరులో మెక్సికో సరిహద్దున టెక్సాస్‌లోని డెల్ రియో పట్టణం వద్ద గుర్రాలపై వచ్చిన సరిహద్దు గస్తీ సిబ్బంది హైతీయులను అడ్డగించిన తీరును లోకమంతా చూసింది. వర్ణవివక్ష మీ కళ్ళెదుట కనబడితే అక్కడికక్కడ వాదనకు దిగకుండా, ఆ కోపం ఫలితం ఆశ్రయం కోరినవారి మీదే పడుతుందని గుర్తుంచుకొని, సమయాన్ని, బ్యాడ్జి నంబరును, అన్న మాటలను ఉన్నదున్నట్లు రాసి వారి న్యాయవాదికి అందించండి.