పెర్ఫిన్ స్టాంపును బోర్లా పెట్టి చూడండి

కంపెనీ పేరులోని పొడి అక్షరాలను చిన్న చిల్లులుగా పొడిచిన స్టాంపులే పెర్ఫిన్లు. ఆఫీసు స్టాంపులు దొంగతనం కాకుండా 1868లో బ్రిటన్‌లో ఈ పద్ధతి మొదలైంది.

వీటిని ముందువైపు చూసి అంచనా వేయకండి. నల్ల కాగితం మీద బోర్లా పెట్టి, భూతద్దంతో ఒక్కో చిల్లూ చూడండి. అక్షరాలన్నీ పూర్తిగా స్టాంపులోనే పడ్డాయా? చిల్లుకీ చిల్లుకీ మధ్య కాగితం చిరిగిందా? చిరిగితే విలువ బాగా పడిపోతుంది. ఒక చిల్లు లేనంత మాత్రాన పక్కన పడేయకండి. అదే కంపెనీ స్టాంపులు మరికొన్నింటిలోనూ అదే చోట లేకపోతే, అది మెషిన్‌లో పిన్ను విరిగిన గుర్తు. నాకైతే అలాంటివంటేనే ఎక్కువ ఇష్టం.

కవరు మీదే ఉన్న స్టాంపును మాత్రం దయచేసి నానబెట్టి ఊడదీయకండి. కవరు మీద కంపెనీ పేరు ఉంటే ఆ అక్షరాలు ఎవరివో తేలిపోతుంది, ధర కూడా విడి స్టాంపు కంటే ఎక్కువే పలుకుతుంది. పోస్టు ముద్ర సిరా చిల్లుల్లోంచి దిగి కవరు మీద చుక్కలుగా పడి ఉంటే, చిల్లులు ముద్రకు ముందే ఉన్నాయన్నమాట. నకిలీ భయం చాలావరకు తగ్గుతుంది.