లిపి రాకపోయినా బొమ్మను చదవవచ్చు: బొమ్మల పుస్తకాలతో చిన్న పిల్లలకు చిత్రకళ పరిచయం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వంటి ఊళ్లలోని తెలుగు ఇళ్లలో పెరిగే పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా వింటారు; బడిలో ఒడియా గాని ఇంగ్లీషు గాని రాస్తారు. అందువల్ల ఇంటికి వచ్చే బొమ్మల పుస్తకం ఏ లిపిలో ఉంటుందో ముందుగా చెప్పలేము. తెలుగు మాత్రమే చదవగలిగిన అమ్మమ్మ ఒడియా పుస్తకాన్ని, ఒడియా బడిలో చదువుకున్న తల్లి తెలుగు పుస్తకాన్ని "ఇది నా వల్ల కాదు" అని పక్కన పెట్టడం ఈ ప్రాంతంలో కొత్త సంగతి కాదు. కథను చదివి వినిపించడం ఒక్కటే పుస్తకం పని అనుకున్నప్పుడు అలా పక్కన పెట్టడమూ సహజమే. అయితే పిల్లలకు చిత్రకళను పరిచయం చేయాలనుకునే ఇంట్లో ఈ ఇబ్బందికి తావులేదు. మంచి బొమ్మల పుస్తకంలో కథలో సగం బొమ్మలోనే నడుస్తుంది. ఆ సగాన్ని అక్షరం రాని నాయనమ్మ కూడా మనవరాలితో సమానంగా చదవగలదు.

ఇక్కడ పరిచయం అంటే ఒక చిత్రాన్ని తొందరపడకుండా చూసి, చూసినదాన్ని సొంత మాటల్లో చెప్పే అలవాటును పిల్లలకు కలిగించడం. గీయడం దాని వెంట వస్తుంది. చిత్రకారుల పేర్లు, కాలాలు, శైలులు ఎంత ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు.

పుస్తకాన్ని ఎంచుకోవడం

దుకాణంలో పుస్తకం చేతికి తీసుకున్నప్పుడు ముందుగా అక్షరాలను వదిలేసి, పేజీలు తిప్పుతూ బొమ్మలను మాత్రమే చూడండి. మాటలు లేకుండా కథ ఎంతో కొంత అర్థమవుతున్నదా, ఒక పేజీలో కనిపించిన చిన్న వస్తువు మరో పేజీలో మళ్లీ వేరే చోట కనిపిస్తున్నదా, చిత్రకారుడి చేయి, అంటే కుంచె వెడల్పు, పెన్సిలు గీత బలం, రంగు ఒకచోట చిక్కగా మరొకచోట పలచగా ఉండటం, పేజీ మీద తెలుస్తున్నదా అని గమనించండి. ఈ మూడింటిలో రెండు ఉన్నా ఆ పుస్తకం కొనదగినదే. ప్రతి జంతువుకూ ఒకే రకం గుండ్రని కళ్లు, ఒకే రకం నవ్వు, ఒకే రకం మెరుపు రంగులు ఉన్న పుస్తకాలు చవకగా కుప్పలుగా దొరుకుతాయి. వాటితో అక్షరాలు నేర్పవచ్చు గాని, చిత్రకళను పరిచయం చేయడానికి అవి పనికిరావని నా దృఢమైన అభిప్రాయం. వాటిలో రెండోసారి చూడటానికి ఏమీ మిగలదు.

ఇంట్లో ఐదారు పుస్తకాలుంటే చాలు, అయితే అవి ఒకదానికొకటి పోలిక లేనివిగా ఉండాలి. ఒకదానిలో నల్లటి గీతే ప్రధానంగా ఉండాలి, ఇంకొకటి నీటి రంగులతో, మరొకటి కాగితపు ముక్కలు అతికించి చేసిన బొమ్మలతో, వేరొకటి గోండు గిరిజనుల చిత్రాలు, గుడ్డ మీద వేసే ఒడియా పట్టచిత్రం వంటి సంప్రదాయ శైలిలో ఉండాలి. ఒకే ఏనుగును నలుగురు చిత్రకారులు నాలుగు విధాలుగా చూశారన్న సంగతి పిల్లలకు చెప్పనవసరం లేకుండానే తెలిసేది ఇటువంటి పోలిక వల్లనే.

నేషనల్ బుక్ ట్రస్టు వారి నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలు తక్కువ వెలకు అనేక భారతీయ భాషల్లో వస్తాయి కనుక సరిహద్దు ఇళ్లకు అవి చాలా అనువైనవి. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ వేదికలో తెలుగు కథలు, ఒడియా కథలు రెండూ ఉచితంగా లభిస్తాయి. అవే బొమ్మలతో రెండు భాషల్లోనూ ఉన్న కథలను వెతికి పట్టుకోవచ్చు. ఫోను తెర మీద బొమ్మ వివరాలు నలిగిపోతాయి కాబట్టి నచ్చిన కథను వీలైతే రంగుల్లో ముద్రించి ఇవ్వండి. చెన్నైకి చెందిన తూలిక, సికింద్రాబాదుకు చెందిన మంచి పుస్తకం ప్రచురణలను కూడా చూడవచ్చు. పెద్దల పెట్టెల్లో పాత చందమామ సంచికలుంటే వాటిని పారేయకండి. వాటి ముఖచిత్రాల్లో అనేకం శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య వేసినవి. బొమ్మలో ఆయన "వపా" సంతకాన్ని వెతికి పట్టుకోవడం ఆరేళ్ల పిల్లలకు చాలా ఇష్టమైన పని. ప్రతి బొమ్మ వెనుక ఒక మనిషి ఉన్నాడన్న ఎరుక అక్కడే మొదలవుతుంది.

పిల్లల పుస్తకానికి బొమ్మలు వేయడం చిన్న పని అనుకునేవారికి ఒక్క సంగతి గుర్తుచేయాలి. నందలాల్ బోస్ అంతటి చిత్రకారుడు 1930లో రవీంద్రనాథ్ ఠాగూరు రాసిన బెంగాలీ వాచకం సహజ్ పాఠ్‌కు బొమ్మలు వేశారు. అక్షరాలు నేర్చుకునే పిల్లల ముందుకు దేశంలోని గొప్ప చిత్రకళ అలా వచ్చింది.

చూడటం, అడగటం, ఆగటం

పుట్టిన కొద్ది వారాల వరకు శిశువుకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కొంత స్పష్టంగా కనిపిస్తాయి, తెలుపు నలుపుల తేడా బాగా ఆకర్షిస్తుంది. ఆ వయసులో తెల్ల కాగితం మీద లావుపాటి నల్లటి గీతలతో మీరే గీసిన చేప, చంద్రుడు, ముగ్గు సరిపోతాయి. ఏడాది దాటిన పిల్లలకు దళసరి అట్ట పేజీల పుస్తకాలు ఇచ్చి, వేలు పెట్టి చూపించనివ్వండి, పేజీలు వెనక్కి తిప్పినా తిప్పనివ్వండి.

అసలు పని మూడేళ్ల నుంచి మొదలవుతుంది. కొత్త పుస్తకాన్ని మొదటిసారి తెరిచినప్పుడు కథ చదవకుండా, అట్ట నుంచి అట్ట దాకా మాటలు లేకుండా బొమ్మలు మాత్రమే చూడటం మంచి పద్ధతి. రెండోసారి ఒక్క పేజీ దగ్గర ఆగి మాట్లాడండి. అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ అనే ఇద్దరు రూపొందించిన ఒక పద్ధతిలో మూడే ప్రశ్నలుంటాయి: ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అన్నావు? ఇంకా ఏం కనిపిస్తోంది? మ్యూజియంలలో, బడుల్లో వాడే ఈ ప్రశ్నలు అరుగు మీద కూర్చున్న అమ్మమ్మ, మనవడి మధ్య కూడా అంతే బాగా పనిచేస్తాయి. వీటిలో రెండోది అన్నిటికన్నా విలువైనది. "ఏనుగుకు కోపం వచ్చింది" అని పిల్లవాడు అన్నప్పుడు "అవునా నాన్నా, ఏం చూసి అన్నావు?" అని అడిగితే వాడు మళ్లీ బొమ్మలోకి వెళ్లి, చెవులు విప్పుకుని ఉన్నాయనో, తొండం పైకి ఉందనో, చుట్టూ ఎర్ర రంగు ఉందనో వెతికి తెస్తాడు. గీతకు, రంగుకు, భావానికి ఉన్న సంబంధాన్ని అప్పుడు వాడు తానే కనుక్కున్నట్టు.

ప్రశ్న వేశాక మౌనంగా ఉండటం పెద్దలకు కష్టమే, అయినా తప్పదు. జవాబు రావడానికి పిల్లలకు మనం అనుకునేదానికన్నా ఎక్కువ సమయం పడుతుంది. ఆ లోపు మనమే చెప్పేస్తే చూపు ఆగిపోతుంది. "ఇది ఏ రంగు?", "ఎన్ని పిట్టలున్నాయి?" వంటి ప్రశ్నలకు ఒకే జవాబు ఉంటుంది కాబట్టి వాటిని మితంగా వాడండి. పిల్లలు సగం తెలుగులో సగం ఒడియాలో చెబితే మధ్యలో ఆపి సరిదిద్దకండి. బొమ్మ గురించి మాట్లాడుతున్నప్పుడు ఏ మాట ముందు దొరికితే ఆ మాటే సరైనది.

పెద్దల చిత్రకళను కూడా ఈ వయసులోనే పుస్తకం ద్వారా చూపించవచ్చు. దీనికి నేను మొదట సూచించేది జపాన్ చిత్రకారుడు హొకుసాయి సుమారు 1831లో చేసిన పెద్ద అల చిత్రం. గోపాలపూర్ తీరంలో అలలను, తెలుగు మాట్లాడే నోలియా జాలరుల పడవలను చూసిన పిల్లలకు ఆ బొమ్మ పరాయిదిగా అనిపించదు. చూపించగానే అల గురించే మాట్లాడతారు. కాసేపు ఆగితే పడవలు కనిపిస్తాయి, అవి మూడు. వాటిలో వంగి తెడ్లు పట్టుకున్న మనుషులు ఆ తరువాత కనిపిస్తారు. దూరంగా మధ్యలో మంచు కప్పిన చిన్న కొండ ఉంటుంది. అది ఫుజీ పర్వతం, చాలామంది పిల్లలు దాన్ని మరో అల అనుకుంటారు. అంత పెద్ద కొండ అంత చిన్నగా ఎందుకు ఉంది, ఈ బొమ్మ వేసినవాడు ఎక్కడ నిలబడి చూస్తున్నాడు అని అడిగితే, దగ్గర వస్తువు పెద్దగా, దూరపు వస్తువు చిన్నగా కనిపిస్తుందన్న సూత్రం పాఠం చెప్పకుండానే అర్థమవుతుంది. అసలు చిత్రం ఎత్తు దాదాపు 25 సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు 37 సెంటీమీటర్లే. ఆ కొలతలో కాగితం కత్తిరించి పుస్తకం పక్కన పెట్టి చూపించండి. చెక్కను చెక్కి, రంగు పూసి, కాగితం మీద అద్ది తీసిన అచ్చు అది అని చెప్పి, బెండకాయ ముక్కతో రంగు అద్దించి చూపిస్తే అచ్చు అంటే ఏమిటో కూడా తెలుస్తుంది.

పుస్తకం నుంచి గోడ దగ్గరకు

పుస్తకంలో చూసిన శైలిని అసలు రూపంలో చూపగలగడం ఈ జిల్లాల పిల్లలకున్న గొప్ప అవకాశం. పట్టచిత్ర శైలి పుస్తకం చూసిన తరువాత, సంతలోనో తెలిసినవారి ఇంట్లోనో ఉన్న నిజమైన పటం దగ్గరకు తీసుకెళ్లండి. పక్కకు తిరిగిన ముఖాలు, పొడవైన కళ్లు, చుట్టూ పూల అంచు రెండిటిలోనూ ఉన్నాయో లేదో పిల్లలే పోల్చి చెబుతారు. గుడ్డకు చింతపిక్కల జిగురు, సుద్దపొడి పట్టించి, రాతితో నునుపు చేసి, శంఖం నుంచి తెలుపు, దీపపు మసి నుంచి నలుపు, ఇంగిలీకం అనే ఖనిజం నుంచి ఎరుపు, అరిదళం అనే ఖనిజం నుంచి పసుపు సంప్రదాయంగా తయారుచేస్తారని చెప్పండి. అచ్చు పేజీలో కనిపించని నునుపు, మెరుపు పటం మీద ఎందుకున్నాయో అప్పుడు తెలుస్తుంది. గుండ్రటి గంజపా పేకలు దొరికితే ఇంకా మంచిది, అవి చేతిలో పట్టుకుని ఆడుకోగల పటాలు. గంజాం జిల్లాకే చెందిన రఘునాథ్ పృష్టి 19వ శతాబ్దం చివరి భాగంలో తాటాకుల మీద గంటంతో కావ్యాలకు బొమ్మలు గీసిన గొప్ప చిత్రకారుడు. బొమ్మ, కథ ఒకే ఆకు మీద సాగే ఆ గ్రంథాలు ఒక విధంగా ఈ నేల బొమ్మల పుస్తకాలే. అదే జిల్లాలోని బుగుడ ఊళ్లో ఉన్న బిరంచి నారాయణ ఆలయ గోడల మీద రామాయణ చిత్రాలున్నాయి. రామాయణం బొమ్మల పుస్తకం ఇంట్లో చూసి వెళ్లిన పిల్లలు అక్కడ ఘట్టాలను తామే గుర్తుపడతారు.

గజపతి, రాయగడ జిల్లాల సవరల చిత్రాల విషయంలో కొంత జాగ్రత్త అవసరం. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో వేసే ఆ చిత్రాలు సంప్రదాయంగా దేవతలకు, పూర్వీకులకు అర్పించినవి. ముందుగా అంచు గీసి, లోపలి జాగాను మనుషులతో, గుర్రాలతో, చెట్లతో, సూర్యచంద్రులతో నింపుకుంటూ వస్తారు. పుస్తకంలో ఆ శైలిని చూపించేటప్పుడు అది అలంకారం కోసం పుట్టలేదనీ, ఒక ఇంటివారి పూజలో భాగమనీ పిల్లలకు తప్పక చెప్పాలి. ఊరికి వెళ్లినప్పుడు ఇంటివారిని అడగకుండా గోడను ఫోటో తీయకూడదని కూడా నేర్పాలి. పర్లాకిమిడిలో ఉండి సవర భాషను నేర్చుకుని, ఆ పిల్లలకు వారి భాషలోనే వాచకాలు తయారుచేసిన గిడుగు రామమూర్తి గురించి కాస్త పెద్ద పిల్లలకు చెప్పడానికి ఇది తగిన సందర్భం.

ఎక్కడికీ వెళ్లలేనివారికి వాకిలి ఉంది. మార్గశిర గురువారాల్లో పొరుగింటి ఒడియా గడపలో బియ్యప్పిండి నీళ్లతో వేసే ఝోటి, అందులోని లక్ష్మీ పాదాలు, మన ముంగిట చుక్కల ముగ్గు పక్కపక్కనే కనిపించే చోటు ఇది. ఏది చుక్కలతో మొదలయింది, ఏది చేతివేళ్లతో జారింది అని అడగండి. బరంపురం పట్టుచీర అంచులోని గుడి ఆకారాలు కూడా ఇటువంటి చూపుకే.

పిల్లల సొంత పుస్తకం

చూసిన బొమ్మను చూసినట్టు దించమని పిల్లలను అడగకండి, రంగు గీత దాటిందని అనకండి. బొగ్గు, సుద్ద, బియ్యప్పిండి, మైనపు రంగులు, పాత క్యాలెండర్ల వెనుక భాగం ఇచ్చి వదిలేయండి. నాలుగు కాగితాలను మధ్యకు మడిచి దారంతో కుడితే పదహారు పేజీల పుస్తకం అవుతుంది. పిల్లలు బొమ్మ వేశాక "ఇది ఏమిటి?" అనకుండా "దీని గురించి చెప్పమ్మా" అని అడిగి, వాళ్లు చెప్పిన మాటలను మార్చకుండా బొమ్మ కింద అమ్మమ్మ తెలుగులో, బడికి వెళ్లే అక్క ఒడియాలో రాయాలి. అట్ట మీద చిత్రకారుల పేరు, తేదీ ఉండాలి. ఆ పుస్తకాన్ని కొన్న పుస్తకాలతో పాటే, అట్ట ముందుకు కనిపించేలా, పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టండి. ఈ తీరంలో వానాకాలపు తేమకు కాగితం త్వరగా బూజు పడుతుంది కాబట్టి ఎండ వచ్చిన రోజున అన్నిటినీ నీడపట్టున ఆరబెట్టి, చిరిగిన పేజీలను పలచటి కాగితం, మైదా జిగురుతో పిల్లల చేతనే అతికించండి.