ఓడ ఎక్కేముందు ఉయ్యాల ఎక్కండి

పుట్టిల్లు ఇచ్ఛాపురం పక్కన, అత్తారిల్లు అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో. 2024లో ఊరికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ మా నోటికి ఇంకా పాతపేరే. ఆవకాయ జాడీలు, జీడిపప్పు సంచులు విమానంలో ఎన్నని మోస్తాం? అందుకే మాకు విశాఖ ఓడే దిక్కు. సుమారు 56 గంటల ప్రయాణం.

మొదటిసారి జులైలో ఎక్కాను. డాల్ఫిన్స్ నోస్ కొండ ఇంకా కనిపిస్తుండగానే డోకు మొదలైంది. "కాస్త మజ్జిగైనా తాగమ్మా" అని అత్తయ్య బతిమాలారు. అదీ నిలవలేదు. దిగేటప్పుడు చెరో రెక్కా పట్టుకుని దించారు. "పిల్లకి సముద్రం పడదు" అని ఇంట్లో తేల్చేశారు.

రెండోసారీ అంతే అయ్యాక విశాఖలో ఒక చెవి డాక్టరు గారికి చూపించుకున్నాను. "మీ చెవి బాగా పనిచేస్తోందమ్మా, అందుకే ఈ బాధ" అన్నారాయన. లోపలి చెవిలో ద్రవంతో నిండిన మూడు అర్ధవృత్తాకార గొట్టాలు, సన్నటి సున్నపు నలుసుల్ని మోసే రెండు సంచులు ఉంటాయట. క్యాబిన్‌లో కూర్చుంటే గది కదలట్లేదని కన్ను చెబుతుంది, ఊగుతోందని చెవి చెబుతుంది. ఆ తగాదా తీర్చలేక మెదడు కడుపు మీద పడుతుంది. రెండు చెవుల్లోనూ ఈ అవయవం పూర్తిగా పాడైనవాళ్లకి సముద్రంలో వాంతులే రావట. నౌకాయుద్ధాల వీరుడు నెల్సన్‌కి కూడా జీవితాంతం ఈ బాధ ఉందని విన్నాక నా సిగ్గు సగం పోయింది.

వాంతుల మాత్ర చెవిని జోకొడుతుంది. ఇంట్లో చేసుకునే సాధన మాత్రం దాన్ని కావాలనే కదిలించి, కొంచెం కొంచెంగా అలవాటు చేస్తుంది. ప్రయాణానికి ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. సాధన చేసే రోజుల్లో వాంతుల మాత్రలు వద్దు, చెవి మొద్దుబారితే నేర్చుకోదు.

మొదటి వారం క్యాలెండరుతో గడిచిపోతుంది. గోడ మీది ఒక అంకె మీద చూపు నిలిపి, తలని "కాదు కాదు" అన్నట్టు ఒక నిమిషం, "అవునవును" అన్నట్టు ఇంకో నిమిషం ఆడించండి. రోజుకి మూడు నాలుగుసార్లు చాలు. అంకె మసకబారితే వేగం తగ్గించాలి. చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ మూడోరోజుకి నాకు మెడ వెనక చెమట పట్టింది.

తర్వాత తలగడ. రెండు పాదాలూ దగ్గరపెట్టి మెత్తటి తలగడ మీద నిలబడి కళ్లు మూసుకోవాలి. గోడ పక్కనే, ఎవరో ఒకరు తోడుండగానే చేయండి. నేను ఒంటరిగా చేసి గ్రైండరు మీద పడ్డాను.

అసలు పని ఉయ్యాలది. సముద్రంలో కడుపుని ఎక్కువగా తిప్పేది సుమారు అయిదు సెకన్లకోసారి వచ్చే ఊపు. ఏడడుగుల గొలుసున్న ఇంటి ఉయ్యాల మూడు సెకన్లలో వెళ్లి తిరిగొస్తుంది. అయిదు సెకన్లు కావాలంటే ఇరవై అడుగుల తాడు ఉండాలి, అంటే అట్లతద్దికి చింతచెట్టుకి వేసే ఉయ్యాల! మాకు చెట్టు లేదు, ఇంటిదాంతోనే సర్దుకున్నాను. ముందు ఎదురుగా చూస్తూ అయిదు నిమిషాలు, తర్వాత కళ్లు మూసుకుని, చివరి వారాల్లో పేపరు చదువుతూ ఊగాలి. పేపరు చదవడమే అన్నిటికన్నా కష్టం.

కంటికీ శిక్షణ ఉంది. ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ నౌకాదళ ఆసుపత్రిలో, సముద్రం బొత్తిగా పడని నావికుల్ని చీకటి గదిలో ఉంచి చుట్టూ వెలుగు చుక్కలు కదిలిస్తూ చికిత్స చేశారు. మన ఇంట్లో దీపాలార్పి, కదిలే చారల వీడియో పెద్ద టీవీలో దగ్గరనుంచి చూడొచ్చు. ఫోను తెర చాలదు. చివర్లో అదే వీడియోని తలగడ మీద నిలబడి చూడండి.

నోట్లో నీళ్లూరినా, వరసగా ఆవలింతలొచ్చినా, చల్లచెమట పట్టినా వెంటనే ఆపండి. పంతానికి పోయి వాంతి దాకా చేస్తే చెవికి భయం తప్ప ఏమీ మిగలదు. నేను రెండో వారంలో అలా చేసి మూడు రోజులు వెనక్కి వెళ్లాను. మూర్ఛ, మైగ్రేన్, మెడనొప్పి, చెవి జబ్బు ఉన్నవాళ్లూ, గర్భిణులూ డాక్టరుని అడక్కుండా మొదలుపెట్టొద్దు.

ఓడలో ఊపు తక్కువుండేది నడుమ, కింది అంతస్తులో. పడక అక్కడ దొరికేలా చూసుకోండి. పగలు డెక్ మీదకొచ్చి సముద్రం, ఆకాశం కలిసే గీతని చూస్తూ నడవండి. ఖాళీ కడుపు పనికిరాదు, నేను ఉప్మా కొంచెం కొంచెంగా తింటాను. డాక్టరు రాసిస్తే మొదటి రాత్రికి ఒక మాత్ర, అదీ ఓడ కదలకముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక మింగితే బయటికే వస్తుంది.

మూడోసారి నాకు వాంతి రాలేదని చెప్పను. మొదటి రాత్రి ఒక్కసారి అయింది. రెండోరోజు మధ్యాహ్నం మాత్రం ఆవకాయ అన్నం తిన్నాను, అత్తయ్య నమ్మలేక పళ్లెంలోకి తొంగిచూశారు. దిగాక రెండు రోజులు ఇల్లు ఊగుతున్నట్టే ఉంటుంది, కంగారుపడకండి. సాధనతో వచ్చిన అలవాటు మాత్రం నెలల్లో కరిగిపోతుంది. సంక్రాంతికి మళ్లీ టిక్కెట్లు తీశాం, నిన్న సాయంత్రం గొలుసులకి నూనె పోశాను.